పెళ్ళి కేకుల పేజీకి చావు పేరు

“ఉప్పల్ నుంచి మౌలాలి దాకా నా కండ్లు గప్పి తిరిగిన నేరస్థుడు ఇంకా పుట్టలే. గిది రాసుకో, బసవన్నా,” అన్నాడు శాంసన్.

నేను రాసుకోలేదు. శాంసన్ నాచారంలో ఓ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇరవై ఏళ్ళు సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా చేసి, రిటైరైన మర్నాడే డిటెక్టివ్ అయిపోయాడు. ఇంతవరకు ఛేదించిన కేసు ఒక్కటే, నా గొడుగు మాయం కావడం. అది దొరికింది కూడా ఆయన ఇంట్లోనే.

ఆ పొద్దున చిల్కానగర్ నుంచి షైనీ ఫోన్ చేసింది. ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. ఇద్దరం వెళ్ళాం. ల్యాప్‌టాప్ మా వైపు తిప్పింది. ఆమె వెబ్‌సైట్‌లో మూడంతస్తుల పెళ్ళి కేకు నిగనిగలాడుతోంది. పైన ట్యాబ్‌లో మాత్రం పేజీ పేరు ‘చివరి ప్రయాణానికి చక్కని పెట్టెలు’ అని ఉంది.

“గూగుల్ల గూడ గిదే కనవడుతున్నదన్నా. పేర్లు మార్చే ప్లగిన్ ఉంటది గద, దాంట్ల ‘షైనీ పెళ్ళి కేకులు’ అని పదిసార్లు రాసి సేవ్ జేసిన. మారుతలేదు. ఉదయశ్రీ మేడం బిడ్డ పెళ్ళికి కేకు ఎవరికియ్యాల్నో నాలుగింటికి జెప్తదట. ఐదొందల మందికి. గీ ఆర్డర్ పోతే దుకాణం పెట్టే ముచ్చట ఇగ మర్చిపోవుడే.”

నాకు నిజంగా జాలేసింది. శాంసన్ మీసం దువ్వాడు.

“గిది బెదిరింపు, చెల్లె. నీకు శత్రువులు ఎవరు?”

“ఎవ్వరు లేరన్నా. ఉప్పల్‌ల ఒక బేకరీ ఉన్నది గని...”

“సాలు.”

ఆ బేకరీకి వెళ్ళి ‘సాక్ష్యం’ అని ఆరు ఎగ్ పఫ్‌లు కొన్నాం. అయిదు ఆయనే తిని, “విషం లేదు,” అని తేల్చాడు. ఆరోది నన్ను పరీక్షించమన్నాడు.

తిరిగొచ్చేసరికి మూడున్నర. షైనీ పిన్ని కొడుకు బ్లెస్సన్ ల్యాప్‌టాప్ ముందు కూచుని, పేజీకి అలంకారం చేసే థీమ్‌లన్నీ తెరిచి చూస్తున్నాడు. సైటు తయారుచేసింది అతనే.

“సంచి తెరువు, తమ్మీ,” అన్నాడు శాంసన్. ఎంతైనా గేటు దగ్గరి అలవాటు. సంచిలో టిఫిన్ డబ్బా తప్ప ఏమీ లేదు. “అయితే దొంగ వేలిముద్రలు గీ తెర మీదనే ఉండాలె.” జేబురుమాలు తీసి తెరను గట్టిగా రుద్దడం మొదలుపెట్టాడు.

“ముద్రలుంటే తుడుస్తవా?” అన్నాను.

“దుమ్ము పోతెనే గద కనవడేది.”

“అన్నా, అది టచ్ స్క్రీన్, ఆగు,” అన్నాడు బ్లెస్సన్.

అప్పటికే ఏదో మీట నొక్కుకుపోయింది. పేజీ తీసి చూస్తే రంగులన్నీ పోయాయి. కేకు ఓ మూలకు జరిగింది. షైనీ తల పట్టుకుని, అంతలోనే ట్యాబ్ వైపు చూసి ఆగిపోయింది. అక్కడ ‘షైనీ పెళ్ళి కేకులు’ అని ఉంది.

బ్లెస్సన్ తల దించుకున్నాడు. “తప్పు నాదే, అక్కా. మౌలాలిల మా మామ శవపెట్టెలు జేస్తడు గద. ఆయన సైటుకు జేసిన థీమే నీకు గూడ పెట్టిన. ఆయన దుకాణం పేరు థీమ్‌లనే రాసి ఉన్నది, తీసుడు మర్చిపోయిన. థీమ్ ఒక పేరు జెప్తది, ప్లగిన్ ఇంకోటి జెప్తది. ముందుగాల జెప్పినోని మాటే నడిచింది. ఇప్పుడు శాంసనన్న రుద్దితే ఆ థీమే మారిపోయింది.”

“నాకు మొదటి నుంచి గదే డౌటు,” అన్నాడు శాంసన్, రుమాలు మడతపెడుతూ.

“మరి గూగుల్ల?” అంది షైనీ.

“అండ్ల మారనీకి వారం పడ్తది.”

సరిగ్గా నాలుగింటికి ఫోన్ మోగింది. షైనీ ఎత్తగానే బ్లెస్సన్ స్పీకర్ నొక్కాడు.

“పొద్దుగాలనే గూగుల్ల నీ పేజీ పేరు సూసినమమ్మా,” అంది ఉదయశ్రీ. షైనీ కళ్ళు మూసుకుంది. “మా ఆయన శానసేపు నవ్విండు. పెండ్లి గురించి ఉన్నదున్నట్టు రాసిన దుకాణం గిదొక్కటే, కేకు గీడనే జెప్పు అన్నడు.”