మందు మానిన ఎకరం

కోటిలింగం ఎకరం మిరప పొలం మందుకు బానిసైపోవడంతో, అతనూ భార్య సామ్రాజ్యమూ దాన్ని చాపలా చుట్టి, ట్రాక్టర్ ట్రక్కులో వేసుకుని వ్యసన విముక్తి కేంద్రానికి బయలుదేరారు. ఆ ఏడాది పల్నాడు రోడ్ల మీద చుట్టిన పొలాలు చాలానే కనిపించాయి. టోల్‌గేటు దగ్గర వాటికి వేరే వరస కూడా పెట్టారు.

జబ్బు ఒక్కరోజులో ముదిరింది కాదు. పురుగుమందు పడందే పొలం పొద్దున లేచేది కాదు. ఎరువు బస్తా విప్పితే తప్ప విత్తనం వంక చూసేది కాదు. స్ప్రేయరు చప్పుడు వినబడితే మాత్రం ఒళ్ళంతా పులకరించేది. వానపాములు ఎప్పుడో పిల్లాపాపలతో ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాయి. కోటిలింగం ఇదంతా చూస్తూనే ఉన్నాడు. చూసి, తన పొలం ఎంత హుషారుగా ఉందో అని టీ కొట్టు దగ్గర గొప్పలు చెప్పుకున్నాడు. తనంత తెలివిగా సేద్యం చేసేవాడు ఆ చుట్టుపక్కల లేడని అతని నమ్మకం.

కేంద్రంలో గుమాస్తా తలెత్తకుండా అడిగాడు. "పేషెంటుకు మీరేమవుతారు?"

"ఓనర్నండి."

"ఓనర్ల సంతకం చెల్లదు. బంధువులుండాలి."

కోటిలింగం బుర్ర గోక్కున్నాడు. "నేల తల్లి అంటారు గదండీ. కొడుకునని రాసుకోండి."

గుమాస్తా రాసుకున్నాడు. కింద 'అలవాటు చేసినవారు' అన్న గడిని డాక్టరు గారికి వదిలేశాడు.

డాక్టర్ విశాలాక్షి మట్టిని వేళ్ళతో నలిపి, వాసన చూసి, ముఖం పక్కకు తిప్పుకుంది.

"మొదట పోసిందెవరు?"

మందుల కొట్టువాడి పేరు చెబుదామని కోటిలింగం నోరు తెరిచాడు. సామ్రాజ్యం గోడకేసి చూస్తోంది. ఆ చూపు అతనికి తెలుసు.

"నేనేనండి."

"ఎందుకు?"

"పక్క పొలం గురవయ్య కొట్టాడని నేనూ కొట్టానండి."

"ఆయనెందుకు కొట్టాడట?"

"నేను కొట్టానని అంటన్నాడండి."

"సీసా మీద ఎంత కలపమని ఉంది?"

"సగం మూతండి."

"మీరెంత కలిపేవారు?"

"మూత ఎక్కడో పడిపోయిందండి."

డాక్టరమ్మ గుమాస్తా పంపిన కాగితం ముందుకు లాక్కుంది. ఆ గడిలో 'కొడుకు' అని రాసింది.

మందు ఆపిన తొలిరోజుల్లో పొలం గజగజ వణికింది. కొత్తగా వచ్చినవాళ్ళు భూకంపమనుకుని బయటికి పరిగెత్తేవారు. పాతవాళ్ళు టీ గ్లాసులు గట్టిగా పట్టుకుని కూర్చునేవారు. ఆయాలు మట్టిలోంచి ఖాళీ సీసాలు, ప్లాస్టిక్ షీటు పీలికలు ఓపిగ్గా ఏరారు. జనుము చల్లి, పూత రాగానే అందులోనే దున్నేశారు. పశువుల పెంట పెట్టారు. పురుగు కనబడితే వేప కషాయం, అదీ అవసరమైనంతే. ఇంటికెళ్ళాక ఏటా మిరపే వేయకుండా మధ్యలో మినుము వేయాలని చెప్పారు. చికిత్స కుటుంబానికి కూడా ఉంది. కోటిలింగం మందుల కొట్టు ముందునుంచి లోపలికి తొంగి చూడకుండా నడిచి వెళ్ళాలి, అదే పరీక్ష. పొలం ఆ పాటికి కుదుటపడింది కానీ, కోటిలింగానికి చేతుల వణుకు తగ్గలేదు. పరీక్ష తప్పి, మళ్ళీ రాసి, అత్తెసరు మార్కులతో బయటపడ్డాడు.

ఇంటికి తెచ్చి పరిచాక తొలకరి పడింది. పొలం లోంచి వాసన లేచింది. సామ్రాజ్యం మణికట్టు దాకా చెయ్యి మట్టిలోకి దింపి, అట్లాగే కూర్చుండిపోయింది.

"ఏందే?" అన్నాడు కోటిలింగం.

"మెత్తగుందయ్యా. నేను కాపురానికొచ్చినప్పుడు ఇట్టాగే ఉండేది."

కోటిలింగం అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. దుమ్ము పడిందన్నాడు. వానలో దుమ్మేమిటని ఆమె అడగలేదు.

కానీ ఊళ్ళో పురుగులన్నిటికీ ఈ సంగతి తెలిసిపోయింది. బతకడానికి వీలైన పొలం అదొక్కటే కావడంతో సామాన్లు సర్దుకుని అన్నీ అక్కడికే వచ్చాయి. అక్కణ్ణుంచి గురవయ్య చేలోకి షికారు వెళ్ళసాగాయి. గురవయ్య గ్రామ సచివాలయంలో ఫిర్యాదు పెట్టాడు.

విచారణకు వచ్చిన అధికారి మర్యాదస్తుడు. "చూడండి, నలుగురు తాగేచోట ఒక్కరు తాగకుండా కూర్చుంటే అది అందరికీ ఇబ్బందే. పూర్తిగా పాడవమని మేమూ చెప్పం. అప్పుడప్పుడు, అందరితోపాటు పుచ్చుకోమనండి" అన్నాడు.

సామ్రాజ్యం ఒప్పుకోనంది. కోటిలింగం మాత్రం గురవయ్య ముఖం చూశాడు, ఎదుగూబొదుగూ లేని తన మొక్కల్ని చూశాడు. ఎదురు చెప్పే మాట నోటిదాకా వచ్చింది. చివరికి బయటికి వచ్చింది వేరే మాట.

"ఆ మూల కాస్త చెక్క మందు లేకుండా వదిలేయండి సార్. మా ఇంట్లోకి, తినడానికి."

"దానికి రూలుంది. అందరూ అదే అడుగుతున్నారు" అన్నాడు అధికారి. గురవయ్య తల దించుకున్నాడు. అతనికీ ఒక మూల ఉందని కోటిలింగానికి అప్పుడే తెలిసింది.

ఆ మూల తప్ప మిగతా పొలానికి మళ్ళీ మందు పడింది. పంట బ్రహ్మాండంగా వచ్చింది. పట్నం నుంచి వ్యాపారి లారీతో దిగి, కాయ విరిచి, రంగు చూసి, సరుకు బంగారమన్నాడు. మధ్యాహ్నమైందని సామ్రాజ్యం విస్తరి వేసింది. అతను మొహమాటంగా సంచిలోంచి క్యారియర్ తీశాడు.

"ఏమనుకోకమ్మా. బయట ముట్టను. మా ఇంటి వెనక కాస్త పండించుకుంటాం."

"అనుకోవడానికేముందన్నా" అంది సామ్రాజ్యం.

కోటిలింగం పీట అతని పక్కకు జరుపుకున్నాడు. ఎవరి కూర వాళ్ళు కలుపుకుని, పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటూ, ఇద్దరూ తృప్తిగా తిన్నారు. చేతులు కడుక్కుని, మిగిలిన బస్తాలు లారీకెక్కించారు.