అప్పులేనివాడి అర్హత

మనిషి తెలివి ముదిరాక రెండు గొప్ప సంగతులు కనిపెట్టాడు. మొదటిది ఇల్లు. రెండోది, ఆ ఇంటిని ఫలానా మనిషి కొనగలడని, అతను కొనకముందే, వేరెవరో కాగితం మీద ఒప్పుకోవడం. దీన్ని ముందస్తు ఆమోదం అంటారు. మొదటిది లేకుండా మనుషులు వేల ఏళ్ళు గుహల్లో నెట్టుకొచ్చారు. రెండోది లేకుండా ఇవాళ అమ్మకానికున్న ఇంటి గేటు కూడా తియ్యరు.

ఈ రెండో దాని కోసం బయలుదేరిన రోజున మేకులాయన చేతిలో ఉన్నవి ఇవి: ఇరవై రెండేళ్ళుగా నడుస్తున్న ఇనుప సామాన్ల కొట్టు (మేకులు, స్క్రూలు, గడియలు, తాళాలు), దాని మీద కూడబెట్టిన ఇరవై రెండు లక్షలు, ఒక భార్య, ఒక బావమరిది, సున్నా అప్పు. బావమరిదిని ఆస్తి కింద రాసుకోవాలా, ఖర్చు కింద రాసుకోవాలా అన్నది ఆయన ఇంకా తేల్చుకోలేదు. సున్నా అప్పు మాత్రం ఆస్తేనని గట్టిగా నమ్మాడు. (ఇంత అనుభవమున్న వ్యాపారి ఇంత పెద్ద పొరపాటు ఎలా చేశాడని తర్వాత బ్యాంకువాళ్ళు కూడా ఆశ్చర్యపోయారు.)

ఇల్లు ఇప్పుడే ఎందుకంటే, అద్దింటి ఓనరు నాలుగు నెలల్లో ఖాళీ చెయ్యమన్నాడు. తొమ్మిదేళ్ళలో ఇది నాలుగో ఖాళీ. ప్రతి అద్దె ఒప్పందంలోనూ గోడకు మేకు కొట్టరాదన్న షరతు ఉండేది.

"ఊరందరి గోడలకీ మీ మేకులే," అంది భార్య, గిన్నెలు అట్టపెట్టెలో సర్దుతూ. "మన క్యాలెండరు మాత్రం తలుపు గడియకి వేలాడుతుంది. ఇదిగో చెబుతున్నాను, ఈసారి మారితే ఎవ్వడూ ఖాళీ చెయ్యమనలేని కొంపలోకే మారతాను. కాదూ కూడదంటే మీ కొట్లో తాళాల పక్కన నాకూ ఒక అర ఖాళీ చేసిపెట్టండి."

మేకులాయన మనసులో లెక్క వేశాడు. కొట్లో అరలన్నీ నిండుగా ఉన్నాయి.

నచ్చిన ఇల్లు కొట్టుకు రెండు వీధుల అవతలే ఉంది. రిటైరైన డ్రాయింగు మాస్టారిది. నాలుగు గదులు, నలభై లక్షలు. మాస్టారికి మోకాళ్ళు పోయి, లిఫ్టున్న ఫ్లాటు చూసుకున్నాడు. అక్కడ నాలుగు నెలల్లో డబ్బు కట్టాలి.

"నువ్వు మంచివాడివేనయ్యా," అన్నాడు మాస్టారు. "కిందటిసారి వచ్చినాయనా మంచివాడే. మూడు నెలలు రోజూ వచ్చి మెట్లు లెక్కపెట్టుకుని వెళ్ళాడు. చివరికి లోను రాలేదన్నాడు. నువ్వు ముందు బ్యాంకు లెటరు తెచ్చుకో. గడువు లోపల తెస్తే ఇల్లు నీది."

తక్కువైనవి పద్ధెనిమిది లక్షలు. మేకులాయన బ్యాంకుకు వెళ్ళాడు.

ముందస్తు ఆమోదాల విభాగం బ్యాంకులో నీళ్ళ డబ్బా వెనక ఉంటుంది. అక్కడి బల్ల మీద 'ముందస్తు ఆమోదాధికారి (తాత్కాలికం)' అని బోర్డు ఉంది. ఆయన పదకొండేళ్ళుగా తాత్కాలికంగా ఉన్నాడు.

"ప్రస్తుతం మీకున్న అప్పులు చెప్పండి," అన్నాడు అధికారి.

"ఏమీ లేవండి," అన్నాడు మేకులాయన, కాస్త ఛాతీ విరిచి.

"క్రెడిట్ కార్డు?"

"లేదండి."

"బండి?"

"రొక్కం పెట్టి కొన్నానండి."

"పోనీ, ఫోను? వాయిదాల మీద తీసుకునుంటారు, గుర్తుచేసుకోండి."

"లేదండీ. పాతది పాడయ్యాక డబ్బిచ్చి కొత్తది కొన్నా."

అధికారి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. గొంతు తగ్గించి, "ఈ సంగతి ఇంట్లోవాళ్ళకి తెలుసా?" అని అడిగాడు.

కంప్యూటరులో మేకులాయన క్రెడిట్ స్కోరు గడిలో చిన్న గీత కనిపించింది. సున్నా అయినా వేసుకోండి, సర్దుకుంటానన్నాడు మేకులాయన. సున్నా అందరికీ ఇచ్చేది కాదని, అది రావాలన్నా ఎంతో కొంత అప్పు చేసి ఎగ్గొట్టి ఉండాలని అధికారి వివరించాడు. ఎగ్గొట్టినవాడి గురించి బ్యాంకుకు కొంత సమాచారమైనా ఉంటుంది. మేకులాయన గురించి అదీ లేదు.

"మీరు అప్పు తీరుస్తారని మేమెలా నమ్మాలి?"

"ఇరవై రెండేళ్ళలో ఎవరికీ పైసా బాకీ లేనండి."

"మా భయం కూడా అదేనండి," అన్నాడు అధికారి.

ఈ సమయంలో రంగంలోకి దిగినవాడు బావమరిది. అతనికి ఏడు లోన్లున్నాయి. ఏడోది ఐదోదాని వాయిదాలు కట్టడానికి తీసుకున్నాడు. స్కోరు ఏడువందల తొంభై నాలుగు. బ్యాంకు యాప్ ప్రతి ఉదయం అతన్ని పేరు పెట్టి పలకరించి, ఇల్లు కొంటారా అని అడుగుతుంది. అతను ఇప్పుడు కాదులే అని నొక్కి, పళ్ళు తోముకోవడానికి వెళతాడు.

"నీకు క్రమశిక్షణ లేదు బావా," అన్నాడతను. "ఇరవై ఏళ్ళ కిందట మొదలెట్టుంటే ఈపాటికి మంచి అప్పులోడివి అయ్యుండేవాడివి. సరే, అయిందేదో అయింది. ముందో యాభై వేలు తీసుకో."

"నాకవసరం లేదు కదరా."

"అవసరమున్నోడికి ఎవడిస్తాడు బావా?"

యాప్ లోను కారణం అడిగింది. వైద్యం, విహారం, వివాహం, ఇతర అత్యవసరం అని నాలుగే గడులున్నాయి. 'అవసరం లేదు' అన్న గడి కోసం మేకులాయన పైకీ కిందికీ వెతికాడు. చివరికి బావమరిది సలహా మీద విహారం నొక్కాడు. విహారానికి సోమవారం యాభై వేలు పడ్డాయి. బుధవారం మేకులాయన ఆ యాభై వేలూ పట్టుకుని బ్యాంకులో నిలబడ్డాడు.

టోకు వ్యాపారంలో ఒక మర్యాద ఉంది. గడువుకు ముందే రొక్కం ఇచ్చినవాడికి రెండు శాతం కొట్టేసి, పైన ఒక టీ ఇప్పిస్తారు. మేకులాయన ఆ రెండు శాతం ఏనాడూ వదులుకోలేదు. పెళ్ళినాడు కూడా మధ్యలో లేచి వెళ్ళి, తాళాల కంపెనీవాడి బిల్లు గడువుకు ముందు కట్టొచ్చినవాడు.

"మూడేళ్ళ ముందే ఇచ్చేస్తున్నానండి," అన్నాడు. "రెండు శాతం కొట్టెయ్యండి. టీ లేకపోయినా ఫర్వాలేదు."

అధికారి ఆ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టాడు. తర్వాత నాలుగు శాతం జరిమానా వేసి, 'ముందస్తు చెల్లింపునకు సంజాయిషీ' అనే ఫారం ఇచ్చాడు. ఎందుకు చెల్లించారు అన్న చోట మేకులాయన "డబ్బుంది కాబట్టి" అని రాశాడు. ఫారం తిరిగొచ్చింది. డబ్బున్నవాడు విహారం పేరుతో అప్పు చేయడం అనుమానాస్పదమని, పైగా అప్పు తీసుకున్న వ్యక్తి రెండు రోజుల్లో విహారానికి వెళ్ళిన దాఖలా లేదని ఎరుపు సిరాతో రాసి ఉంది.

రెండో లోను బావమరిది స్వయంగా నడిపించాడు. డబ్బు తెచ్చి కొట్లో ఇనప్పెట్టెలో పెట్టి, తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు. "ఐదో తారీఖు గడువంటే ఐదునే కట్టాలి. నాలుగున కట్టావో, నీ మీద మచ్చ పడుతుంది."

"ఒంటి మీద చీమలు పాకుతున్నట్టుందిరా."

"మొదట్లో అందరికీ అంతే బావా. ఆరో అప్పుకి అలవాటైపోద్ది."

రెండు నెలలు చీమలు పాకాక స్కోరు ఆరువందల ఎనభై ఎనిమిదికి వచ్చింది. అధికారి చెయ్యి కలిపాడు. ఇక మిగిలింది కాగితాలే అన్నాడు.

కొట్టు తెరిచి ఉన్న ఫోటో, మూసి ఉన్న ఫోటో, రెండూ ఒకే కొట్టు అని ప్రమాణపత్రం. నిలకడగా ఒకచోట నివసించే వ్యక్తి అని ఇంటి ఓనరు సర్టిఫికెట్ (దాన్ని ఓనరు ఖాళీ నోటీసుతో పాటే ఒకే కవరులో పంపాడు). మేకులు నిజంగా అమ్ముడవుతాయని, కొన్నవాళ్ళు వాటిని కొట్టారని ఇద్దరు వడ్రంగుల సాక్ష్యం. ఇలా మూడో నెలకు ఫైలు జానెడు మందం అయింది. తర్వాత మూరెడు అయింది. అప్పుడొకనాడు అధికారి తనే మేకులాయన కొట్టుకు వచ్చాడు.

"మీ ఫైలు పట్టే బీరువా లేదండి. కొత్తది చేయిస్తున్నాం. మడత బందులు, గడియలు, ఒక మంచి తాళం కావాలి. బిల్లు మాత్రం ఇప్పుడు కాదు, హెడ్డాఫీసు నుంచి వస్తుంది."

"దానిదేముందండీ, తీసుకెళ్ళండి," అన్నాడు మేకులాయన.

మొత్తం మూడువేల ఎనిమిదివందల అరవై. ఈ అప్పు మంజూరవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. అందులో మూడు నిమిషాలు సరైన సైజు స్క్రూలు వెతకడానికి.

ముప్పై రోజులు గడిచాయి. హెడ్డాఫీసు నుంచి డబ్బు రాలేదు. దానికి బదులు అభ్యంతరం వచ్చింది.

"మీ పద్దుల్లో ఒక పాత బాకీ కనిపిస్తోంది," అన్నాడు అధికారి, వేలు పెట్టి చూపిస్తూ. "మూడువేల ఎనిమిదివందల అరవై. ముప్పై రోజులు దాటింది. ఈ పార్టీ నమ్మదగినదేనా?"

మేకులాయన వేలు కింద చూశాడు. "సార్, ఆ పార్టీ మీరే."

"పార్టీ ఎవరన్నది ఇక్కడ ప్రశ్న కాదండి. ఇలాంటివాళ్ళకి అప్పులిస్తూ పోతే మీ వ్యాపారం ఏం కాను? ఆ పార్టీ దగ్గర్నుంచి తప్పక తీరుస్తామని ఒక లెటరు తెండి."

"మరి ఇవ్వండి."

"మేము అలాంటి లెటర్లు ఎవరికీ ఇవ్వం," అన్నాడు అధికారి, కొంచెం నొచ్చుకుని.

 చివరికి మేకులాయన జేబులోంచి పెన్ను తీసి, ఇరవై రెండేళ్ళలో మొదటిసారి, ఒక బాకీని రానిబాకీగా కొట్టేశాడు. అధికారి అది చూసి తృప్తిపడి, మరో ఫారం తీశాడు. దాని పేరు 'దరఖాస్తుదారునికి బాకీలు వదిలేసే అలవాటు ఎప్పటి నుంచి?'

మాస్టారి గడువు ఇంకా పన్నెండు రోజులుంది. ఆఖరి మెట్టు, ముందస్తు ఆమోదానికి ముందస్తు పరిశీలన. బ్యాంకు తరఫున కొలతల అధికారి వచ్చి ఇల్లు చూస్తాడు.

"బావా, నోరు విప్పు," అని ముందే హెచ్చరించాడు బావమరిది. "నీ బేరాల బుద్ధి పక్కన పెట్టు. ఇల్లు గొప్పదని వాళ్ళకి తోస్తేనే డబ్బిస్తారు."

కొనబోయే సరుకును ఎదుటివాడి ముందు పొగడకపోవడం మేకులాయన ఎన్నడూ తప్పని నియమం. బంగారం చేతికిచ్చినా తిప్పి చూసి, "రంగు కాస్త తక్కువలా ఉందే" అనగల మనిషి. అలాంటివాడు ఆ రోజు నియమం తప్పాడు. గోడల మందం చూపించాడు. "ఎంత వానకైనా చెమ్మ రాదండి. చెద అన్న మాటే లేదు. గదులన్నీ పొడిగా, చల్లగా. కాగితం ముక్క పడేసి పదేళ్ళ తర్వాత తీసినా అలాగే ఉంటుంది. మీ బ్యాంకుకు నడిచే దూరం."

"కాగితం అలాగే ఉంటుందా?" అన్నాడు కొలతల అధికారి, టేపు చుట్టడం ఆపి.

"నాది గ్యారంటీ."

కొలతల అధికారి అది రాసుకున్నాడు. మేకులాయన ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, భార్యతో అట్టపెట్టెలు విప్పొద్దని, నేరుగా కొత్త ఇంట్లోనే విప్పుకోవచ్చని చెప్పాడు. ఆమె నమ్మింది. పెళ్ళయ్యాక అంత తొందరగా ఆమె ఏదీ నమ్మలేదు.

గడువుకు ఒకరోజు ముందు లెటరు వచ్చింది. మందపాటి కాగితం, గుండ్రటి ముద్ర. 'మీరు పద్ధెనిమిది లక్షలకు అర్హులని తెలియజేయుటకు ఆనందిస్తున్నాము. ఇది తొంభై రోజులు చెల్లును.' మేకులాయన దాన్ని మడవకుండా రెండు చేతులా పట్టుకుని రెండు వీధులూ నడిచాడు. భార్య ఒక అట్టపెట్టె చంకనేసుకుని వెంట వచ్చింది.

డ్రాయింగు మాస్టారు వరండాలో కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంటున్నాడు.

"అయ్యో, నిన్న సాయంత్రమే అయిపోయిందయ్యా. నీకు చెప్పలేదా? మీ బ్యాంకువాళ్ళే కొనుక్కున్నారు. ఫైళ్ళు పెట్టుకోవడానికి ఇంతకంటే మంచి కొంప ఊళ్ళో లేదని ఎవరో రిపోర్టు రాశారట. నాకేమో రేపు ఫ్లాటు వాళ్ళకి కట్టాలి. నువ్వు తెస్తావో తేవో తెలియదాయె."

"డబ్బు మొత్తం ఇచ్చారా మాస్టారూ?"

"సగం ఇచ్చారు. మిగతా సగం హెడ్డాఫీసు నుంచి వస్తుందన్నారు."

"వాళ్ళని లెటరు అడిగారా?"

మాస్టారు ఆయన్ని వింతగా చూశాడు. "బ్యాంకుని పట్టుకుని, డబ్బుందా అని అడుగుతామటయ్యా?"

భార్య అట్టపెట్టె చంక మార్చుకుంది. "పదండి," అంది. "కొట్లో అర ఖాళీ చేద్దురు గాని."

ఆ ఇంటి వ్యవహారం మొత్తాన్ని మేకులాయన మర్నాడు ఒక పేజీలో రాసుకున్నాడు. ఖర్చు: జరిమానా రెండువేలు, ఫారాలకూ ఫోటోలకూ వెయ్యిన్నర, వదిలేసిన బాకీ మూడువేల ఎనిమిదివందల అరవై, వడ్రంగులకు టీలు. రాబడి: స్కోరు ఒకటి, ముద్రతో సహా లెటరు ఒకటి, ఏ ఉదయమైనా ఇల్లు కావాలా అని అడిగే యాప్ ఒకటి. పేజీ చివర, బాగా ఆలోచించి, బావమరిదిని ఖర్చు వైపు రాశాడు.

ఆ నెలాఖరున ఆయన కుటుంబం ఐదో అద్దింటికి మారింది. మాస్టారి ఇంట్లోకి బ్యాంకువాళ్ళ బీరువాలు మారాయి. వాటిలో అన్నిటికన్నా ముందు లోపలికి వెళ్ళినది, అన్నిటికన్నా పెద్దది కాబట్టి, మేకులాయన ఫైలు. దానికి మంచి గది ఇచ్చారు. నిబంధనల ప్రకారం పదిహేనేళ్ళ దాకా దాన్ని ఖాళీ చేయించే అధికారం ఎవరికీ లేదు.