చట్రంలో ఐదో పురుగు

మంగళవారం ఉదయం పది గంటల తొమ్మిది నిమిషాలకు, రిటైరైన డ్రాయింగు మాస్టారు పేర్రాజు గారు తన ఇంటి ముందున్న పచ్చికను పాడుచేస్తున్న పురుగుగా ప్రభుత్వ రిజిస్టరులోకి ఎక్కారు. కాయితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి. అర్జీ పెట్టుకున్నది కూడా ఆయనే.

ఆ పచ్చికంటే మాస్టారికి ప్రాణం. దానిమీద చెప్పుకాలు పెట్టిన చుట్టాన్ని మళ్లీ గుమ్మం తొక్కనిచ్చేవారు కాదు. అలాంటిది భాద్రపదంలో గడ్డి అక్కడక్కడ పసుపురంగు తిరిగింది. నీళ్లు పెట్టినా తేరుకోలేదు. గుప్పెడు పట్టి లాగితే వేళ్లు లేకుండా చాపలా లేచి వచ్చింది. తెల్లారేసరికి గోరింకలు దిగి నేలను పొడుస్తున్నాయి. ఇవన్నీ అర్జీలో రాసి, పక్కన గోరింక బొమ్మ కూడా వేసి పురుగుల శాఖకి పంపారు. శాఖవారు పురుగుల లెక్క అధికారి నాగభూషణాన్ని పంపారు.

నాగభూషణం మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న ఇనపచట్రం ఒకటి పచ్చిక మీద పరిచి, బకెట్టెడు సబ్బునీళ్లు అందులో పోసి, వాచీ చూసుకుంటూ కుర్చీలో కూర్చున్నాడు.

"వేరుపురుగు సబ్బునీళ్లకి పైకి రాదటండి. తవ్వి చూస్తేనే కనబడుద్దంట," అన్నారు మాస్టారు.

"తవ్వకాలు మా శాఖ కాదండి. మాది పొయ్యడం వరకే," అన్నాడు నాగభూషణం. "పది నిమిషాల్లో చట్రంలోకి ఏ ప్రాణి వస్తే అదే పురుగు. ఏడో నిబంధన."

తొమ్మిది నిమిషాలు ఏదీ రాలేదు. మాస్టారు ఉండబట్టలేక చట్రంలో కాలుపెట్టి, గొంతుక్కూర్చుని గడ్డి విడదీసి చూశారు. నాగభూషణం కలం తీశాడు.

"కాళ్లెన్నండి?"

"ఎవరికి?"

"తవరికేనండి."

"రెండు."

"ఆరుండాలే. మిగతా నాలుగూ ఏమయ్యాయి?"

'నాలుగు కాళ్లు పోగొట్టుకున్న పురుగు, వయసు అరవై ఎనిమిది, కళ్లజోడు కలదు' అని నాగభూషణం రాసుకున్నాడు. చట్రంలోంచి బయటికి రమ్మంటారా అని మాస్టారు అడిగితే, ఇప్పుడు వచ్చినా ఒకటేనని మర్యాదగానే చెప్పాడు.

చట్రానికి ఐదు పురుగులు తేలితేగాని మందు కొట్టకూడదు. ఒకటే తేలింది కాబట్టి మళ్లీ మంగళవారం లెక్క. అలా నాలుగు మంగళవారాలు చూసి, అప్పటికీ ఐదు తేలకపోతే కేసు మూసేస్తారు. ఒకసారి లెక్కకెక్కిన పురుగు ప్రతి మంగళవారం పదింటికి చట్రంలో హాజరుండాలి. లేకపోతే ఇల్లంతా చట్రంగా భావించబడుతుంది.

మాస్టారి భార్య సుభద్రమ్మ గుమ్మంలో నిలబడి ఇదంతా విని అడిగింది: "ఐదూ తేలితే, మందు కొడితే, మరీయనకి?"

"మందు చాలా మంచిదండి. గంటలో పని అయిపోద్ది. దాని గురించి బెంగెట్టుకోకండి," అన్నాడు నాగభూషణం.

రెండో మంగళవారం ఎండ పేలిపోతోంది. సుభద్రమ్మ చూడలేక గొడుగు తీసుకెళ్లి భర్త తలమీద పట్టింది. రెండు. మూడో మంగళవారం పక్కింటి రైల్వే గార్డు దానియేలు, "మనిషిని పట్టుకుని పురుగంటావేంటయ్యా, కళ్లున్నాయా?" అని దబాయిస్తూ చట్రంలోకి నడిచాడు. మూడు. ఆ కేకలకి పాలుపోసే మంగ, "ఏవైందండి బాబూ?" అంటూ క్యానుతో సహా వచ్చింది. నాలుగు. క్యాను పురుగు కాదని నాగభూషణం ఒప్పుకున్నాడు.

"నేను పాలు పోసి ఎల్లిపోయేదాన్నయ్యా," అంది మంగ.

"పురుగులన్నీ అలాగే చెప్తాయమ్మా," అన్నాడతను, కోపం లేకుండా.

నాలుగో మంగళవారం శాఖవారు మందుపంపు నింపుకుని వచ్చి గేటు దగ్గర పెట్టారు. లోపల మందు నీలంగా ఉంది. నలుగురూ చట్రంలో నిలబడ్డారు. ఇంకొక్కరు కాలుపెడితే నలుగురూ, ఆ ఒక్కరూ కూడా అంతే. కాలనీలో ఇరవై ఇళ్లు. ఇరవై కిటికీల వెనకా జనం.

నాలుగో నిమిషంలో మాస్టారు కళ్లు తేలేశారు. పడడానికి చోటు లేక నిలబడే ఉన్నారు.

"నీళ్లు," అన్నారు.

ఎవరింట్లోనో కడవలో చెంబు ముంచిన చప్పుడు వినబడింది. ఆ వెంటనే సుభద్రమ్మ గొంతు చించుకుని అరిచింది: "ఎవ్వరూ రాకండి. మీకు దండం పెడతాను, రాకండి."

ఎవరూ రాలేదు. మాస్టారు మరో మూడుసార్లు నీళ్లడిగారు. చెంబులు పట్టుకున్న చేతులు కిటికీ ఊచల దాకా వచ్చి ఆగాయి. పదో నిమిషం దాటింది. నాగభూషణం కుర్చీ మడిచాడు.

"నాలుగే. మందు అక్కర్లేదు. కేసు మూసేశాం," అన్నాడు. వెళ్తూ వెళ్తూ కాలనీకేసి చూసి, "ఇంత క్రమశిక్షణ ఎక్కడా చూళ్లేదండి. మిగతా చోట్ల ఎవరో ఒకరు వచ్చేస్తారు," అని మెచ్చుకున్నాడు.

అప్పుడొచ్చారు అందరూ నీళ్లతో. మాస్టారు తేరుకున్నారు. నీళ్లు పోయకుండానే ఆయన ప్రాణం కాపాడామని కాలనీవారు, నిజంగానే కాపాడారని మాస్టారు, ఒకరికొకరు దండాలు పెట్టుకున్నారు. పచ్చిక మాత్రం పూర్తిగా పోయింది. దాని కింద తెల్లటి వేరుపురుగులు, ఎవరి లెక్కలోకీ రానివి, హాయిగా బలిశాయి.

ఇప్పుడు ఆ కాలనీలో ఎవరు కేకపెట్టినా జనం ముందు గడియారం చూస్తారు. చట్రం లేదు, సబ్బునీళ్లు లేవు, నాగభూషణానికి బదిలీ కూడా అయింది. అయినా మంచి అలవాటు ఎందుకు మానాలి అని అలాగే ఉంచుకున్నారు.

పోయిన వారం వీధి చివర కూరగాయల బండి అప్పన్నను లారీ కొట్టేసింది. రోజూ అడగకుండానే కరివేపాకు కొసరేసే మనిషి. నీళ్లు, నీళ్లు అని అతను అడగడం అందరికీ వినబడింది. మాస్టారు అందరికన్నా ముందు చెంబు ముంచుకుని, గేటు లోపల నిలబడి వాచీ చూస్తున్నారు. పదో నిమిషం దాటగానే ఇరవై ఇళ్లవాళ్లూ పరుగెత్తారు. ఒక్కరు కూడా ఇంట్లో ఉండిపోలేదు.

అప్పన్న అప్పటికే అడగడం మానేశాడు.