కిల్‌బ్రే రోవర్స్ మధ్య కుర్చీ

చీలిపోండి! ఇంకా ఒకే సంఘంలో కలిసిమెలిసి బతుకుతున్న తెలుగువాళ్లు ఎక్కడైనా మిగిలి ఉంటే, దయచేసి ఈ వ్యాసం చదవడం పూర్తికాగానే చీలిపోండి.

ఈ మనిషికి మతి పోయిందా అనుకుంటున్నారా? మతీ ఉంది, లెటర్‌హెడ్డూ ఉంది. మెల్‌బోర్న్ ఆగ్నేయ మూలన క్లైడ్ నార్త్‌లో వెలసిన ఒరిజినల్ రోవర్స్ ఫుట్‌బాల్ క్లబ్‌కి నేను వ్యవస్థాపక అధ్యక్షుణ్ణి. పేరు శేషగిరి, ఊరు తెనాలి. ఫుట్‌బాల్ జన్మలో ఆడలేదు. అధ్యక్షుడికి ఆటతో ఏం పనండీ?

చరిత్ర తెలియనిదే చీలిక గొప్పతనం అర్థం కాదు. కాబట్టి ముందు మిమ్మల్ని స్కాట్లండ్ తీసుకెళ్తాను. స్వెటర్ వేసుకోండి.

అక్కడ కిల్‌బ్రే అని ఓ చిన్న ఊరు. ఒక వీధి, ఒక బొగ్గు గని, ఒక చర్చి, ఏడాది పొడుగునా వాన. నూరేళ్ల కిందటి మాట. గనిలో పనిచేసేవాళ్లు కిల్‌బ్రే రోవర్స్ అని ఓ సెమీ ప్రొఫెషనల్ క్లబ్ పెట్టుకున్నారు. సెమీ ప్రొఫెషనల్ అంటే మరేం లేదు, వారమంతా బొగ్గు తవ్వి శనివారం బంతి తంతే చేతిలో కాస్త ఖర్చులకి పెడతారు. పాపం, ఎప్పుడూ ఓడిపోయేవాళ్లు. ఒకే ఒక్క ఏడు మాత్రం ఏ దేవుడు కరుణించాడో గానీ జిల్లా కప్పు గెలిచారు.

గెలిస్తే ఏం చేస్తారు? గ్రూప్ ఫోటో! కుర్చీలు వేశారు. మధ్య కుర్చీలో కప్పు పట్టుకుని ఎవరు కూర్చోవాలి? ప్రాణాలొడ్డి గోల్స్ ఆపిన గోల్‌కీపరా? మాంసం కొట్టు నడిపే క్లబ్ ప్రెసిడెంటా? మాటా మాటా పెరిగింది. ఫోటోగ్రాఫర్ తన సరంజామా సర్దుకుని వెళ్లిపోయాడు. క్లబ్ రెండు ముక్కలైంది. విడిపోయి బయటికొచ్చినవాళ్లు తమ క్లబ్‌కి ఏం పేరు పెట్టుకున్నారో తెలుసా? కిల్‌బ్రే యునైటెడ్!

మీకు ఒళ్లు పులకరించలేదూ? నాకైతే కళ్లు చెమర్చాయి. ఎక్కడి కిల్‌బ్రే, ఎక్కడి తెనాలి! వాళ్లూ మనవాళ్లేనండీ బాబూ!

తర్వాత ఆ రెండు వర్గాల పిల్లలూ మనవలూ పెరిగి, ఓడలెక్కి, పనులు వెతుక్కుంటూ ఈ దేశం వచ్చారు. అప్పుడు క్లైడ్ నార్త్ అంతా క్యాబేజీ తోటలు. రెండు జట్లకు సరిపడా మనుషులు లేక, గతిలేక, కలిసి ఒకే కిల్‌బ్రే రోవర్స్ పెట్టుకున్నారు. ఇక్కణ్ణుంచి ఈ క్లబ్ చరిత్రలో చీకటి యుగం. అరవై ఏళ్లు ఒక్క చీలిక లేదు! ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు శనివారం శనివారం ఆడుకోవడం, ఓడిపోవడం, మాంసం కూరిన మీట్ పైలు తినడం, నవ్వుకుంటూ ఇళ్లకు పోవడం. ఇదీ ఒక బతుకేనా?

ఇంతలో క్యాబేజీ తోటలు పోయి ఇళ్లు వచ్చాయి. ఇళ్లలోకి మేమొచ్చాం.

మా అమ్మాయి సృజన గోల్‌కీపర్. దానికి ఆటంటే పిచ్చి. క్లబ్ క్యాంటీన్ నడిపే జలీల్ గారమ్మాయి ఫరహ్ ఫార్వర్డ్. ఇలా పద్నాలుగు మంది అమ్మాయిలు పోగై, రోవర్స్‌కి మొట్టమొదటిసారి అండర్ సిక్స్‌టీన్ గర్ల్స్ టీమ్ తయారైంది. బాగా ఆడేవాళ్లు కూడా. సృజన బంతిని ఆపి విసిరితే, అది ఎటు పడుతుందో ఫరహ్‌కి ముందే తెలిసిపోయేది. ఈ సీజన్ ఫైనల్స్‌కి వెళ్లడం ఖాయమని అందరూ అన్నారు. అప్పుడే క్లబ్ అరవై ఏళ్ల పండగ వచ్చింది.

పండగంటే మనకి వదిలెయ్యాలి కదా! స్కాటిష్ వాళ్లు పాతిక మందికి బార్బెక్యూ చాలన్నారు. మేం వేదిక కట్టాం. ఈదురుగాలిలో అగ్గిపెట్టె ఖాళీ అయ్యేదాకా జ్యోతి ప్రజ్వలన చేశాం. వచ్చిన ప్రతివాడికీ శాలువా కప్పాం. బంతి తేవడానికొచ్చిన రిఫరీకి కూడా కప్పేశాం. పాపం, ఆయన దాంతోనే మ్యాచ్ ఆడించాడు.

ఆఖర్న గ్రూప్ ఫోటో. వేదిక మీద మధ్య కుర్చీ. ఉత్సవ కమిటీ కన్వీనర్‌గా నేను కూర్చోబోయాను. కో-కన్వీనర్ ద్వారకానాథ్ గారిది కరీంనగర్. ఆయన కుర్చీ వెనక చెయ్యి పట్టుకున్నారు.

"ఏందన్నా, వేదికకు పైసలు జమ చేసింది ఎవరు? పొద్దుగాల నుంచి కుర్చీలు మోసింది ఎవరు? ఫోటోల మాత్రం నువ్వు కూసుంటవా?"

"కుర్చీలు మోసినవాళ్లంతా కూర్చుంటే ఇక నిలబడేది ఎవరండీ?" అన్నాను మర్యాదగానే.

అసలు ముఖ్య అతిథి డంకన్ అంకుల్. క్లబ్ పెట్టినవాళ్లలో మిగిలిన ఒకే ఒక్కడు, కిల్‌బ్రే గోల్‌కీపర్ మనవడు. ఆయన్ని అప్పటికే చివరికి జరిపేశాం. ఆయన శాలువా సర్దుకుంటూ కడుపుబ్బ నవ్వాడు. "మా తాత చెప్పింది ఈ కుర్చీ గురించే! ఇక్కడిదాకా వచ్చేసిందే!" అన్నాడు.

నవ్వితే నవ్వాడు. మేం మాత్రం చరిత్రని గౌరవించాం. వారం తిరక్కుండా ఒరిజినల్ రోవర్స్‌కి నేను అధ్యక్షుణ్ణి, యునైటెడ్ రోవర్స్‌కి ద్వారకానాథ్ గారు అధ్యక్షులు! చీలిక వల్ల లాభాలు చూడండి. ఒక అధ్యక్షుడి చోట ఇద్దరు. ఒక కార్యదర్శి చోట ఇద్దరు. సలహాదారులైతే చెప్పనక్కర్లేదు, మా వీధిలో సలహాదారు కానివాడు కొరియర్ కుర్రాడొక్కడే. జలీల్ గారిని మాత్రం ఎటువైపని ఎంత అడిగినా తేల్చలేదు.

"నాది సమోసాల పార్టీ సార్. మీరూ తింటారు, ఆయనా తింటాడు" అన్నారు.

మరి అమ్మాయిలు? వాళ్లని న్యాయంగా చీట్లు వేసి పంచుకున్నాం. చెరి ఏడుగురు. మ్యాచ్ మొదలవ్వాలంటే కనీసం ఏడుగురుంటే చాలని రూలు కూడా ఉంది. చూశారా, రూల్స్ రాసినవాడికి తెలుగువాళ్ల సంగతి ముందే తెలుసు! సృజన మాకొచ్చింది, ఫరహ్ వాళ్లకి పోయింది. ఆ రోజు కారులో మా అమ్మాయి ఒక్కటే అడిగింది.

"డిడ్ ఎనీబడీ ఆస్క్ అస్, నాన్నా?"

నేను రేడియో పెట్టాను.

మొదటి మ్యాచ్‌లో మా ఏడుగురూ అవతలి పదకొండు మంది చేతిలో చిత్తుగా ఓడారు. వాళ్ల ఏడుగురూ అంతే. నేను నైతిక విజయం మీద అరగంట మాట్లాడాను. ద్వారకానాథ్ గారు ముప్పావు గంట మాట్లాడారని తర్వాత తెలిసి బాధపడ్డాను. సృజన గ్లోవ్స్ తీసి గరాజ్‌లో పడేసింది. అన్నానికి పిలిచినా గదిలోంచి రాలేదు. మా ఆవిడ మంగతాయారు నాకు కంచం పెట్టి, "మీ లెటర్‌హెడ్ నంచుకు తినండి" అని వెళ్లిపోయింది.

తర్వాతి శనివారం మా గ్రౌండ్‌లో నేనున్నాను, కార్యదర్శి ఉన్నాడు, సలహాదారులున్నారు. ఆడేవాళ్లే లేరు! ద్వారకానాథ్ గారి వైపూ అదే వైభవం. పద్నాలుగు మందీ కూడబలుక్కుని క్రాన్‌బర్న్‌లో వేరే క్లబ్‌లో చేరిపోయారు. సీజన్ సగం పోయింది కాబట్టి ఫైనల్స్ ఆశ లేదు. అయినా కలిసి ఆడితే చాలన్నారట.

ఇంతకన్నా సంపూర్ణమైన క్లబ్ లోకంలో ఉంటుందా? ఓటమి లేదు, బంతి ఖర్చు లేదు. నేను హాయిగా ఉన్నాను. ఎంత హాయిగా అంటే, నిన్న శనివారం మధ్యాహ్నం పాల కోసమని బయల్దేరి, మూడు సూపర్ మార్కెట్లు దాటి, క్రాన్‌బర్న్ గ్రౌండ్ వెనక కంచె దగ్గర తేలాను. అక్కడ ముందే ఒకాయన టోపీ కిందికి లాక్కుని నిలబడి ఉన్నారు.

"నువ్వెందుకొచ్చినవ్ శేషగిరన్నా?"

"పాలకండీ. మీరో?"

"నేను గూడ పాలకే" అన్నారు ద్వారకానాథ్ గారు.

కాస్త అవతల డంకన్ అంకుల్ ఇంటి నుంచి తెచ్చుకున్న మడత కుర్చీలో కూర్చున్నాడు. భుజాన మా శాలువానే. "ఎవరి కుర్చీ వాళ్లు తెచ్చుకోవాలి" అన్నాడు మమ్మల్ని చూసి.

అప్పుడే పెనాల్టీ. మా అమ్మాయి ఎడమ పక్కకి దూకి ఆపేసింది! లేచి విసిరింది. బంతి పడేచోట ఫరహ్ ఉంది. గోల్! నేనూ ద్వారకానాథ్ గారూ కంచె ఇవతల కావిలించుకుని గెంతాం. ఇంత బాగా ఆడే పిల్లల్ని చీట్లు వేసి పంచుకున్నామా!

"అన్నా, వీళ్లకొక పేరెంట్స్ కమిటీ ఉంటే మస్తుంటది" అన్నారాయన కళ్లు తుడుచుకుంటూ.

"మీరే అధ్యక్షులుగా ఉండండి."

"అట్ల గాదన్నా, నువ్వే ఉండు."

సృజన కంచె దాకా వచ్చింది. "నాన్నా, ప్లీజ్. నో కమిటీ. జస్ట్ క్లాప్!"

కొట్టాం. చేతులు మండేదాకా కొట్టాం. మ్యాచ్ అయ్యాక అమ్మాయిలంతా గడ్డి మీద ఒకరి మీద ఒకరు పడి కూర్చున్నారు. కుర్చీల్లేవు, మధ్యా చివరా లేదు. ఫోటో తీయమని మమ్మల్ని పిలిచారు. నేను ఫోన్ తీశాను. ద్వారకానాథ్ గారూ తీశారు.

"నాది కొత్త మోడల్, నేను తీస్త."

"పిలిచింది మా అమ్మాయండీ!"

అవతల ఫరహ్ నిట్టూర్చి, చెయ్యి చాపి సెల్ఫీ తీసేసుకుంది. రాత్రి సృజన నాకూ పంపింది. పద్నాలుగు మందీ పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్నారు. వెనక మూలన, కాస్త మసగ్గా, ఇద్దరు అధ్యక్షులు చెరో ఫోనూ పట్టుకుని నోళ్లు తెరిచి అరుచుకుంటున్నారు.