గదిలో ఎవరూ లేరు

శనివారం ఉదయానికి గడియారాలాయన వేసుకున్న పథకంలో గొప్పదేమీ లేదు. లేవాలి, గడ్డం గీసుకోవాలి, కుక్కకి మాత్ర వెయ్యాలి, కిటికీ దగ్గర కూర్చోవాలి. మధ్యలో అక్క ఫోను చేస్తే ఎత్తి, బాగానే ఉన్నానని చెప్పాలి. లోకంలో అందరూ చెయ్యగలిగిన పనులే. అయితే ఆయన ఇవి చెయ్యగలడా లేదా అన్నదాని మీద ఒక కుక్క భవిష్యత్తు ఆధారపడి ఉంది.

కుక్క పేరు గుమ్మడి. ఆ పేరు పెట్టింది ఆయన భార్య. పెట్టిన రోజున అది దోసిట్లో పట్టేంత పిల్ల. పేరుకు తగ్గట్టు పెరిగే బాధ్యతను తర్వాత అది తనంతట తానే స్వీకరించింది. ఇప్పుడు ముసలిదై, మెలకువగా ఉండటం వల్ల ఒరిగేదేమీ లేదన్న అభిప్రాయానికి వచ్చింది. వేసవి మొదట్లో భార్య పోయింది. అప్పటినుంచి గడియారాలాయన పొద్దున వాచీలు బాగుచేసే కొట్టు తెరవడం, సాయంత్రం ఇంటికొచ్చి కుక్కకి ఎదురుగా కూర్చోవడం. ఇద్దరూ మాట్లాడుకునేవారు కాదు. ఇద్దరికీ అందులో ఇబ్బందీ కనపడలేదు.

ఇబ్బంది అక్కకి కనపడింది. "నిన్ను నువ్వే చూసుకోలేవు, కుక్కనేం చూస్తావురా? దాన్ని ఎవరికైనా ఇచ్చేసి మా ఇంటికొచ్చెయ్" అంది. కుక్కతో సహా రావడానికి వీల్లేదు. బావగారికి కుక్కలంటే భయం. ఆ భయాన్ని ఆయన శుభ్రత అని పిలుస్తాడు. తమ్ముడు ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. అలా ఏదీ అనకపోవడమే అక్కకి మరీ ఒళ్ళు మండించింది.

చివరికి ఒక పరీక్ష కుదిరింది. కొండ పక్కన ఒక కొత్త హోటల్లో రెండు రాత్రులకి గది తీసుకుని ఉంది. తీసుకున్నది భార్యే, చాలా ముందుగా, కుక్కల్ని కూడా రానిస్తారట అని సంబరపడి. ఆమె వెళ్ళిపోయినా గది మాత్రం ఆమె పేరు మీద అలాగే నిలబడి ఉంది. "వెళ్ళు. నువ్వూ నీ కుక్కా ఏ గొడవా లేకుండా ఉండి రండి. నేను చేసినప్పుడల్లా ఫోనెత్తు. అప్పుడు కుక్క నీదే, ఇంక నోరెత్తను" అంది అక్క. అక్క నోరెత్తకపోవడం అనే బహుమానం ఆ కుటుంబంలో అంతకుముందు ఎవరికీ దక్కలేదు.

ఆ హోటలు భూమిని కాపాడుతోంది. ఆ సంగతి గేటు మీద, గోడల మీద, తువ్వాళ్ళ మీద రాసి ఉంది. సబ్బు బిస్కెట్టంత ఉంది, పెద్దదైతే భూమికి బరువు కాబోలు. తెరలు గోనెసంచులవి. బల్ల పాత పడవ చెక్కతో చేసింది, చెయ్యి పెడితే గుచ్చుకుంటుంది. ఇవే వస్తువులు లేనివాళ్ళ ఇంట్లో ఉంటే లేమి అంటారు, ఇక్కడ ఆదర్శం అంటారు. జంతువులకు మాత్రం లోటు లేదు. కుక్కకి మెత్తటి పరుపు వేశారు, మనిషికి నడుముకు మంచిది వేశారు.

వచ్చినవాళ్ళను పలకరించడానికి మనిషి ఉండడు. కాగితమూ మనుషులూ రెండూ ఆదా కావాలి గనక తలుపు దగ్గర ఒక కంప్యూటరు తెర పెట్టారు. శుక్రవారం సాయంత్రం గడియారాలాయన దాని ముందు నిలబడ్డాడు. "ఇద్దరు అతిథులు, ఒక జంతువు. సరేనా?" అని తెర అడిగింది. ఆయన వేలు 'కాదు' దాకా వెళ్ళింది. అక్కడ కాసేపు ఆగింది. తర్వాత పక్కకి జరిగి 'అవును' నొక్కింది. తెర ముగ్గురికీ స్వాగతం చెప్పి, తలుపు తీసే కార్డు ఇచ్చింది.

ఈ హోటలు గర్వంగా చెప్పుకునే ఏర్పాటు గది పైకప్పులో ఉంది. అక్కడొక చిన్న యంత్రపు కన్ను. గదిలో ఏదైనా కదిలితే దీపం, ఫాను, కరెంటు ఉంటాయి. ఏదీ కదలకపోతే గదిలో ఎవరూ లేనట్టు, అన్నీ ఆగిపోతాయి. మనిషన్నవాడు కదలకుండా ఎంతసేపుంటాడులే అని దాన్ని తయారుచేసినవాళ్ళు అనుకుని ఉంటారు. వాళ్ళు గడియారాలాయనను ఎరగరు. ఆయనది ఊపిరి కూడా చూసి పీల్చుకోవలసిన వృత్తి. పైగా, వేసవి నుంచీ రాత్రిళ్ళు మంచంలో తన సగం దాటి అటు పొర్లింది లేదు. ఇక గుమ్మడి సంగతి చెప్పనే అక్కర్లేదు.

రాత్రంతా గది ఖాళీగా ఉందని కంప్యూటరు గమనించింది. పొద్దున కాస్త అలికిడైంది. తర్వాత గడియారాలాయన కిటికీ దగ్గర కూర్చుని, మొండికేసిన ఒక చేతి గడియారం విప్పి, కంటికి అద్దం తగిలించుకుని అందులో మునిగిపోయాడు. మళ్ళీ ఖాళీ. కంప్యూటరు ఆలోచించి, వీళ్ళు సామాను తీసుకుని వెళ్ళిపోయారని తేల్చి, కార్డు రద్దు చేసింది. కరెంటు లేక, ఛార్జింగుకని గోడకి తగిలించిన ఆయన ఫోను కూడా నిశ్శబ్దంగా ప్రాణం విడిచింది.

సరిగ్గా అప్పుడే అక్క ఫోను చెయ్యడం మొదలుపెట్టింది. మళ్ళీ మళ్ళీ చేసి, చివరికి హోటలుకి చేసింది. ఫోన్లు ఎత్తడానికి మాత్రం పెట్టుకున్న రిసెప్షన్ అమ్మాయి కంప్యూటరు చూసి, ఆ గదిలో రాత్రి నుంచీ ఎవరూ లేరని మర్యాదగా చెప్పింది.

అక్క ఒక్కొక్కటే కలిపి చూసుకుంది. భార్య పోయిన మనిషి, కొండ పక్కన హోటలు, రాత్రి నుంచీ లేడు. ఆమె బావగారి చెయ్యి పట్టుకుని కుర్చీలో కూలబడింది. "కుక్క?" అని అడిగింది.

"సార్, మేడమ్, కుక్క, ముగ్గురూ లేరండీ."

"ఏ మేడమ్?"

"ఇద్దరు అతిథులని సారే నొక్కారండీ."

అక్క కుర్చీలోంచి లేచింది. ఏడుపు ఎటు పోయిందో తెలియదు. భార్య పోయి ఏడాదైనా తిరగలేదు, అప్పుడే ఇంకొకావిడతో హోటలుకి వెళ్ళి, రాత్రికి రాత్రే మాయమయ్యాడన్నమాట. తమ్ముడు దక్కితే చాలని అప్పటిదాకా మొక్కుకున్న మనిషి, దక్కితే చంపేస్తానని కారెక్కింది. ఎక్కేముందు హోటలువాళ్ళని అంగుళం వదలకుండా వెతకమని ఆజ్ఞాపించి, గుర్తులు చెప్పింది.

ఒక్క మనిషి మేడెక్కి ఆ గది తలుపు తట్టి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ ఆ హోటల్లో తలుపు తట్టకూడదు. జంతు అతిథులు బెదిరిపోతాయట. తట్టడానికి బదులు గదిలో చిన్న దీపం వెలిగేలా ఒక మీట ఉంది. రిసెప్షన్ అమ్మాయి అది నొక్కింది కూడా. గదిలో కరెంటు లేనందున దీపం వెలగలేదు. మీట నొక్కినా ఎవరూ పలకలేదు గనక గది ఖాళీయేనని మేనేజరు ధ్రువపరిచాడు.

గడియారం తిరగడం మొదలయ్యాక గడియారాలాయనకి టీ తాగాలనిపించింది. ఆయన లేవగానే ఫాను ఒక చుట్టు తిరిగింది. ఇప్పుడు కరెంటొచ్చిందిలే, ఫోను ఛార్జి అవుతుందని దాన్ని అక్కడే ఉంచి, గుమ్మడిని లేపడం ఇష్టంలేక ఒక్కడే బయటికొచ్చాడు. తలుపు మూసుకోగానే ఫాను ఆగింది. ఖాళీ గదిలోంచి ఎవరో వెళ్ళారు గనక గది మరింత ఖాళీ అయిందని కంప్యూటరు లెక్కవేసుకుంది.

కింద పచ్చిక మీద జనం, జనంతో పాటు జంతువులు. మేనేజరు ఒక స్టూలెక్కి మాట్లాడుతున్నాడు. మైకు పెడితే శబ్ద కాలుష్యం, అరిస్తే జంతువులకు ఒత్తిడి గనక గుసగుసగా చెబుతున్నాడు. వెనకవాళ్ళకి వినపడక, ముందువాళ్ళు అందిస్తున్నారు. ఒక అతిథి తప్పిపోయాడు. మంచి పొడగరి. పసివాడి ముఖం. గడ్డం పెరిగి ఉంటుంది. లోకం తెలియదు, ఎవరేం చెప్పినా నమ్ముతాడు. పులిలాంటి కుక్క ఉంది, మీద పడే రకం. వెంట ఒక స్త్రీ ఉంది. ఆమె గుర్తులు కూడా ఫోన్లో చెప్పారుగానీ అవి నలుగురిలో చదవదగ్గవి కావని మేనేజరు కాగితం మడిచేశాడు.

గడియారాలాయన ఉన్నదే ఐదడుగులు. గడ్డం నున్నగా గీసుకుని ఉన్నాడు. పులిలాంటి కుక్కని ఆయనెన్నడూ చూడలేదు. తమ్ముడు అక్క కంటికి ఎలా ఉంటాడో, కుక్క బావగారి కంటికి ఎలా ఉంటుందో ఆయనకేం తెలుసు. తప్పిపోయినవాడి మీద జాలి కలిగింది. తనకిప్పుడు వేరే పనేమీ లేదు గనక నేనూ వెతుకుతానని ముందుకొచ్చాడు.

ఒంటరిగా వెళ్ళినవాళ్ళు తప్పిపోతే మళ్ళీ వాళ్ళని వెతకాలి గనక మేనేజరు ఇద్దరిద్దర్ని జతచేశాడు. గడియారాలాయనకి ఒక పళ్ళ డాక్టరమ్మ జత పడింది. ఆమె పిల్లి పసిపిల్లల బండిలో కూర్చుని, మిగతావాళ్ళు నడవడాన్ని తీరిగ్గా చూస్తోంది. ఇద్దరూ పొదలు తడుముతూ పోయారు. భార్య పోయిన మనిషట, తిండి కూడా సరిగా తినడట అని డాక్టరమ్మ చెప్పింది. ఆమెకి ముందువరుసలో చోటు దొరికింది, ఎక్కువ విషయాలు తెలుసు.

"అలాంటివాళ్ళని ఒంటరిగా వదలకూడదండీ" అంది.

"అవునండీ. ఇంట్లోవాళ్ళు కాస్త కనిపెట్టుకుని ఉండాల్సింది" అన్నాడు గడియారాలాయన. వేసవి తర్వాత ఆయన ఒకే ఊపిరిలో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారి. బండి తోసుకుంటూ, ఆ అభాగ్యుడి గురించి ఇంకా చాలా మాట్లాడాడు.

పెట్రోలు కార్లను గేటు లోపలికి రానివ్వరు. బ్యాటరీ బండి ఉందిగానీ అది ఎప్పుడూ ఛార్జింగులోనే ఉంటుంది. అందుచేత అక్క కొండదారి మొత్తం నడిచి, చెమటతో, ఆయాసంతో, మధ్యమధ్య బావగారిని లాక్కుంటూ పైకొచ్చింది. వచ్చేసరికి ఎదురుగా చెట్టు కింద తమ్ముడు. పక్కన ఒకావిడ. ఇద్దరి మధ్యా ఒక పసిపిల్లల బండి.

అక్క నేరుగా బండి దగ్గరికి నడిచింది. బండిలోకి తొంగిచూసింది. పిల్లి ఆవలించింది. అక్క కొంచెం తేరుకుంది.

"మీరెవరమ్మా?" అని డాక్టరమ్మను అడిగింది, చాలా నెమ్మదిగా.

"పాపం ఎవరో తప్పిపోయారండీ. ఈయనా నేనూ ఇందాకట్నుంచి వెతుకుతున్నాం."

"చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే వినడమేగానీ చూడలేదు. అదీ చూశాను" అంది అక్క. తమ్ముడి వైపు తిరిగింది. "వీళ్ళు వెతికేది నిన్నేరా."

గడియారాలాయన ఆ మాటను నెమ్మదిగా జీర్ణించుకున్నాడు. గడ్డం తడుముకున్నాడు. ఆ తర్వాత ఆయన ముఖం మారింది, ఎందుకంటే పరీక్ష తప్పానని తెలిసింది. పొద్దుటికని వేసుకున్న పనులన్నీ వరసగా చేశాడు. అయినా తప్పాడు.

"పద. సామాను సర్దు. ఇవాళే మా ఇంటికి. కుక్క సంగతి రేపు చూద్దాం" అంది అక్క. ఆ రేపటికి అర్థమేమిటో ఆయనకి తెలుసు. మారు మాట్లాడకుండా మెట్లెక్కాడు. వెనక మేనేజరు కూడా వచ్చాడు.

కార్డు పెడితే ఎర్రదీపం వెలిగింది. ఆ గదిలో ఎవరూ లేరని, ఉన్నట్టయితే కంప్యూటరుకి తెలిసేదని మేనేజరు వినయంగా వివరించాడు. ఇది నా గదేనని గడియారాలాయన చెప్పాడు. మేనేజరు ఆయన మాట కాదనలేదు, నమ్మనూ లేదు. లోపల కుక్క ఉందన్నా అదే తీరు. మధ్యాహ్నం కావస్తోంది, కిటికీ మూసి ఉంది, ఫాను లేదు. అప్పుడు అక్క పిడికిలి బిగించింది.

"మేడమ్, తలుపు కొట్టకూడదండీ. జంతు అతిథులు బెదిరిపోతాయి."

"నేను బెదిరిపోయి చాలాసేపయింది బాబూ. తప్పుకో."

ఆమె బాదుడికి నడవంతా మోగింది. "గుమ్మడీ" అని పిలిచింది. ఆ పేరు ఆమె నోట రావడం అదే మొదలు. లోపల్నుంచి, నిద్ర చెడగొట్టినందుకు విసుక్కుంటున్నట్టు, ఒక్క మొరుగు వినిపించింది. తర్వాత గుమ్మడి లేచి నిలబడి ఉంటుంది, ఎందుకంటే ఫాను చప్పుడైంది, తలుపు సందులోంచి దీపం కనపడింది, మేనేజరు చేతిలో యంత్రం గదిలో అతిథి ఉన్నట్టు ప్రకటించింది. ఈసారి కార్డు పెడితే పచ్చదీపం వెలిగింది. మేనేజరు తలుపు వైపు తిరిగి, కలిగిన అసౌకర్యానికి కుక్కకి క్షమాపణ చెప్పి కిందికి వెళ్ళాడు.

గదిలో రెండు తువ్వాళ్ళు, రెండు కప్పులు, రెండు జతల చెప్పులు. ఒక్కొక్కటే వాడి ఉన్నాయి. అక్క అవి చూసింది. అయినా అడగవలసింది అడిగింది.

"ఇద్దరని ఎందుకు నొక్కావురా?"

గడియారాలాయన గుమ్మడి గిన్నెలో నీళ్ళు పోస్తున్నాడు. పోయడం పూర్తయ్యాక చెప్పాడు. "నీ మరదలు తీసుకున్న గది కదక్కా. ఒక్కణ్ణేనని నొక్కడం నాకు చేతకాలేదు."

అక్క ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం బావగారు పెళ్ళయినప్పట్నుంచి చూడలేదు. ఆ భయంలో ఆయన దొరికిన చోట కూలబడ్డాడు. అది కుక్క పరుపని, పక్కనున్నది కుక్కేనని కూడా గమనించలేదు.

అక్క ముక్కు తుడుచుకుంది. "కుక్కని ఎవరికీ ఇవ్వద్దు" అంది.

"గొడవైంది కదక్కా. ఫోను కూడా ఎత్తలేదు."

"నువ్వు నోరు విప్పవు. నువ్వు గదిలోనే ఉన్నా ఇంతమందికి లేవనే తేలింది. ఉన్నావని చెప్పింది ఇదొక్కటేరా. దీన్ని కూడా పంపించేస్తే, రేపు నిన్నెక్కడని వెతుక్కోను?"

గడియారాలాయన తలూపాడు. లేచి కిటికీ తెరిచాడు. కింద తోటలో మేనేజరు మళ్ళీ స్టూలెక్కి ఉన్నాడు. అతిథి దొరికాడు, జంతువు దొరికింది, కంప్యూటరు లెక్క ప్రకారం ఇంకా ఒక మేడమ్ దొరకాలని గుసగుసగా చెబుతున్నాడు. జనం ఇద్దరిద్దరుగా విడిపోయి, పొదల వెంట, చెట్ల వెనక, ఆమె కోసం వెతకడానికి బయలుదేరారు.

గడియారాలాయన వాళ్ళను ఆపలేదు.