పదిహేనో నడకదారి

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి వంతెన దగ్గర కలుసుకోవాలి. అక్కడి నుంచి నది ఒడ్డునే నాలుగు కిలోమీటర్లు, ఆనకట్ట దగ్గర ఎడమకు తిరిగి అడవిలో ఐదు, మళ్ళీ అదే వంతెన. సాయంత్రం టీ వేళకు ఇల్లు. కాగితం మీద ఇంతకంటే సుఖమైన నడక లేదు. చిక్కల్లా ఆ కాగితం రాసిన మనిషి ఆ దారిలో ఒక్క అడుగైనా వేసి ఉండకపోవడమే.

ఆయన్ని ఆఫీసులో అందరూ బాటసారి అంటారు. పర్యాటక శాఖ అచ్చువేసే నడకదారుల కరపత్రాలన్నీ రాసేది ఆయనే. పాత మ్యాపు పరిచి, గీత వెంబడి దారం పెట్టి, ఆ దారాన్ని స్కేలు మీద కొలిచి దూరం వేస్తాడు. "ఇక్కడ పక్షుల కిలకిలారావాలు మిమ్మల్ని పలకరిస్తాయి" అన్న వాక్యం పద్నాలుగు దారుల్లోనూ ఉంది. పదకొండేళ్ళుగా ఆయనది టెంపరరీ ఉద్యోగం. ఎట్టకేలకు పర్మనెంటు ఫైలు ఆఫీసరమ్మ బల్ల ఎక్కింది. సంతకం పెట్టబోతూ ఆవిడ ఆగింది.

"పదిహేనోది మీతో కలిసి నడుస్తానండీ. ఇన్నాళ్ళూ కుదరనే లేదు. అది కాగానే దీని మీద సంతకం పెట్టేస్తాను."

ఆయన ఇంటికొచ్చి భార్య దగ్గర వాపోయాడు.

"నిజం చెప్పేయండి," అంది భార్య.

"చెప్తే పదకొండేళ్ళ చాకిరీ మట్టిలో కలిసిపోతుంది."

"అయితే శనివారం మీరొక్కరే వెళ్ళి తిరిగి రండి. చెట్లకు సుద్దముక్కతో గుర్తులు పెట్టుకోండి. మర్నాడు వాటిని చూసుకుంటూ దర్జాగా నడవచ్చు."

శనివారం వెళ్ళాడు. నది పక్కనే ఉంటుంది కాబట్టి అంతవరకూ తప్పిపోవడానికి వీల్లేకపోయింది. అడవిలో చెట్టు చెట్టుకూ పచ్చ సుద్దతో బాణం గీస్తూ గంట నడిచాక, ఎదురుగా తను గీసిన బాణమే కనిపించింది. దారి తప్పాననుకుని దాని పక్కనే ఇంకోవైపుకు బాణం గీశాడు. మరో గంటకు ఆ రెండు బాణాలూ కలిసి ఎదురొచ్చాయి. మూడోది గీశాడు. పాతవి తుడవబోతే చేతిరుమాలు పచ్చబడింది తప్ప బెరడు మీది సుద్ద పోలేదు. సాయంత్రానికి కలప లారీ ఒకటి దయతలచి ఆయన్ని రోడ్డు మీద దింపింది.

"గుర్తులు పెట్టారా?" అంది భార్య.

"బోలెడు," అన్నాడు. అది అబద్ధమేమీ కాదు.

ఆదివారం ఆఫీసరమ్మ బూట్లు, టోపీ, నోటుబుక్కుతో సమయానికి వచ్చింది. నది ఒడ్డున ఏదో పక్షిని చూపించి పేరడిగితే, "ఒక్కొక్కరు ఒక్కోలా పిలుస్తారు మేడమ్" అని గట్టెక్కాడు. అడవిలో మొదటి బాణం చూడగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"గుర్తులు కూడా పెట్టారా! ఎవరూ చెప్పకుండానే!"

"మన బాధ్యత కదా మేడమ్."

పదకొండింటికి దారికడ్డంగా కూలిన ఒక పెద్ద మానును దాటారు. పన్నెండింటికి మళ్ళీ దాటారు.

"ఇది ఇందాకటిదే కదూ?"

"కాదు మేడమ్. ఇది రెండోది. ఇలాంటివి మూడున్నాయి."

ఆవిడ శ్రద్ధగా రాసుకుంది. ఒంటిగంటకు మూడోది కూడా అయిపోయింది. నాలుగోది ఎదురైతే ఏం చెప్పాలో తోచక, ఈ అడవిలోనే ప్రాణం పోతే బాగుండుననుకుంటూ నడిచాడు. రెండింటికి మాను ఎదురైంది. ఈసారి దాని మీద ఒక లెక్కల మాస్టారు, భార్యా ఇద్దరు కూతుళ్ళతో కూర్చుని ఉన్నాడు.

"మీరూ బాణాల ప్రకారమేనా?" అన్నాడు మాస్టారు. "మేం తొమ్మిదింటి నుంచీ నడుస్తున్నామండీ. ఎవరో తెలిసినవాళ్ళే గీసుంటారని మా ధైర్యం. ఈ మాను దగ్గరికి రావడం ఇది ఆరోసారి. మా ఆవిడ పారేసిన కమలా తొక్కలు అవిగో."

ఆఫీసరమ్మ తొక్కల్ని చూసింది. నోటుబుక్కు చూసింది. "మూడున్నాయన్నారు," అంది.

ఆయన నోరు తెరిచేలోగా చెట్ల వెనక నుంచి మరో ఏడుగురు వచ్చారు. వాళ్ళు బాణాల ప్రకారమే, కానీ ఎదురుదిక్కున వచ్చారు. ఏ బాణం కొత్తదన్న దాని మీద రెండు జట్లకూ మాటామాటా పెరిగింది. మాస్టారి చిన్నకూతురు ఏడుపు లంకించుకుంది.

"ఇవి గీసిన దౌర్భాగ్యుడు దొరికితే ఈ చెట్టుకే కట్టేస్తాను!" అన్నాడు మాస్టారు. చాలాసేపటికి ఆ విషయంలో మాత్రం అందరూ ఒక్క మాట మీదకు వచ్చారు.

బాటసారికి చెమటలు పోశాయి. జేబులోంచి రుమాలు తీసి ముఖమంతా తుడుచుకున్నాడు. అది నిన్నటి రుమాలు. అందరూ మాటలు ఆపి, పచ్చగా మారిన ఆ ముఖాన్నే చూశారు.

"నేనే మేడమ్," అన్నాడు. "ఈ దారి నేనెప్పుడూ నడవలేదు."

"మిగతా పద్నాలుగు?"

"అవీ నడవలేదు."

"మరి పక్షుల కిలకిలారావాలు?"

"పక్షులు ఎక్కడైనా ఉంటాయి కదా అని..."

మాస్టారు తాడు లేక ఊరుకున్నాడు. ఆఫీసరమ్మ నోటుబుక్కు మూసి, పక్కనే పారుతున్న సన్నటి వాగు వెంట నడవసాగింది. వాగు నదిలోకి కాక ఎక్కడికి పోతుంది? ఇరవై నిమిషాల్లో అందరూ ఒడ్డుకు చేరారు. వంతెన దగ్గర ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఇంట్లో భార్యకు ఏ ముఖం చూపించాలో తెలియక ఆయన ఆ వంతెన మీద చాలాసేపు నిలబడ్డాడు.

సోమవారం సొరుగు ఖాళీ చేసుకుందామని సంచి తెచ్చుకున్నాడు. ఆఫీసరమ్మ పిలిచి తలుపు వేయమంది.

"ఆ పద్నాలుగు ఫైళ్ళ మీద 'స్వయంగా నడిచి పరిశీలించాను' అని సంతకం ఎవరిదో తెలుసా?"

"తెలీదు మేడమ్."

"నాది. మిమ్మల్ని తీసేస్తే కారణం రాయాలి. రాస్తే ముందు నా కొంప మునుగుతుంది." ఫైలు ఇటు తోసింది. సంతకం చేసి ఉంది. పదకొండేళ్ళకు పర్మనెంటు! ఆయన కళ్ళు చెమర్చాయి. కృతజ్ఞత చెప్పబోతుంటే ఆవిడ వేలితో అడ్డుకుంది. "కింద ఇంకో కాగితం ఉంది, చదవండి."

చదివాడు. కొత్త హోదా: నడకదారుల తనిఖీదారు. పని: పదిహేను దారులనూ ప్రతినెలా ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒంటరిగా నడవడం, రేపటి నుంచే. మొదటి దారి పొడవు పన్నెండు కిలోమీటర్లని కరపత్రంలో ఉంది; రాసింది తనే కాబట్టి ఆయన ఆ మాట నమ్మలేదు.