చీటీ లేని నత్త మందు

అపొండి మొగుడు ఒబియెరోకి రానిది లేదు, ఒక్క చీటీ రాసి డబ్బాకి అంటించడం తప్ప. సరస్సులో దొరికే పదకొండు రకాల నత్తలకు శాస్త్రజ్ఞులు పెట్టిన నోరు తిరగని పేర్లన్నీ నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఇంట్లో మాత్రం కిరసనాయిలు నూనె డబ్బాలోనూ, ఉప్పు పంచదార డబ్బాలోనూ పోసి, "ఏది ఎక్కడుందో నాకు తెలుసుగా" అంటాడు. పోయిన నెల వాళ్ళమ్మ పెరెసియా టీలో మూడు చెంచాల ఉప్పు కలుపుకుని తాగినప్పుడు కూడా ఒబియెరో ఒకటే అన్నాడు. "దేవుడు నాలుక ఇచ్చింది ఎందుకు?" పన్నెండేళ్ళ కాపురంలో "తప్పు నాది" అన్న మాట ఆ నోటి వెంట రాలేదు. సరస్సు ఒడ్డున పుట్టిన మగవాడు మునిగిపోతూ కూడా ఈదుతున్నాననే చెబుతాడని ఆ ఊరి ఆడవాళ్ళు ఊరికే అనరు.

ఆ గురువారం పొద్దున పథకం చాలా చిన్నది. పదింటికి నైరోబీ నుంచి ఒబియెరో పైఅధికారి డాక్టర్ ముథోనీ వస్తుంది. రేవు పక్కన గట్టు కట్టిన గుంటలో ఒబియెరో నత్త మందు పోసి చూపిస్తాడు. ఆ తర్వాత అందరికీ అపొండి పులిసిన రాగి గంజి పోస్తుంది.

నత్త మందంటే రసాయనం కాదు, బాక్టీరియా. నత్తల్ని మాత్రమే జబ్బు చేయించి చంపుతుందని, చేపల జోలికి పోదని ఒబియెరో చెబుతాడు. నత్తలు పోతే, వాటిలోంచి నీళ్ళలోకి వచ్చి మనుషుల చర్మంలో దూరే పురుగూ పోతుంది. ఈ శాస్త్రంలో అపొండికి కావలసింది ఒక్కటే. కూతురు అకెచ్‌కి రెండేళ్ళలో మూడుసార్లు మూత్రంలో నెత్తురు పడింది. పెద్ద పెద్ద మాత్రలు మింగడం, తగ్గడం, బిందె పట్టుకుని మళ్ళీ అదే రేవులో దిగడం, మళ్ళీ తెచ్చుకోవడం. ఇవాళ డాక్టరమ్మకు నచ్చకపోతే ఒబియెరో పనిచేసే నత్తల పరిశోధన శిబిరం ఎత్తేసి ఇంకో రేవుకు తీసుకుపోతారు. ఈ రేవు నత్తలకే మిగులుతుంది.

చిక్కంతా ఎక్కడొచ్చిందంటే, శిబిరంలో మూడు రోజులుగా కరెంటు లేదు. మందు చల్లబడితే బాక్టీరియా చస్తుందని ఒబియెరో దాన్ని ఇంటికి తెచ్చి పొయ్యి పక్కన పెట్టాడు. పసుపుపచ్చ నూనె డబ్బాలో. దాని పక్కనే అపొండి గంజి ఉంది. అదీ పసుపుపచ్చ నూనె డబ్బాయే. రెండూ గోధుమరంగే, రెండూ నురగే.

"అకెచ్ నాన్నా, ఒక్క చీటీ రాసి అంటించండి. మీ చెయ్యేం అరిగిపోదు" అంది అపొండి.

"మూత తీస్తే వాసన చెబుతుంది. ముక్కున్నవాడికి చీటీ ఎందుకు?" అని ఒబియెరో స్నానానికి పోబోయాడు.

దారిలో పెరెసియా ఆపింది. "ఆ డబ్బాలో ఏముందిరా?"

"నత్త మందమ్మా."

ఆ మాటతో అంతా అయిపోయింది. ఆ ఊళ్ళో ఎలుకను చంపేదీ మందే, బిడ్డను బతికించేదీ మందే. మనకు మాత్రం వేరే మాట ఉందా ఏమిటి? పెరెసియా దాన్ని తనకు కావలసినట్టే విన్నది. నత్తలవల్ల వచ్చే జబ్బుకు మందు! అది కూడా తాగే మందు, మాత్రల బాధ లేకుండా! కొడుకు గొప్పతనం కడుపులో దాచుకునే తల్లి ఆ సరస్సు చుట్టుపక్కల ఇంకా పుట్టలేదు. ఆమె కంచె దగ్గరికి వెళ్ళి పక్కింటి అకుము చెవిలో, "ఎవరికీ చెప్పకు" అంది.

అకుము ఎవరికీ చెప్పలేదు. ఊరందరికీ చెప్పింది. ఆమె నోట పడి వచ్చేసరికి ఆ మందు నడుం నొప్పికీ, ఈనని మేకలకూ, పని చెయ్యని మొగుళ్ళకూ కూడా పనిచేయడం మొదలుపెట్టింది. ఒబియెరో ఒళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి గుమ్మం ముందు నలభైమంది, ఎవరి కప్పు వాళ్ళు పట్టుకుని.

"అయ్యో, అది తాగేది కాదు! నత్తల్ని చంపేది!" అని అరిచాడు.

"కడుపులో ఉన్న నత్త చస్తే మాకేమైనా నష్టమా?" అన్నాడు ముందున్న ముసలాయన.

"కడుపులో నత్తలుండవు తాతా! ఆ డబ్బా నిండా బాక్టీరియా. అంటే కంటికి కనపడని పురుగులు. మంచి పురుగులు."

"మంచివైతే మాకు పొయ్యవేం? అన్నీ నువ్వే తాగుతావా?" అంది అకుము. "చదువుకున్నవాళ్ళంతా ఇంతే!"

గుంపు గుమ్మంలోకి జరిగింది. ఒబియెరో ఇంట్లోకి తిరిగి, "మందు దాచెయ్!" అన్నాడు. అపొండి మందు డబ్బా తీసుకెళ్ళి మంచం కింద తలాపున పెట్టి, "మంచం కింద ఉంది, తీసుకోండి" అని చెప్పి గుంపును ఆపడానికి వాకిట్లోకి పోయింది. ఆ వెనకే పెరెసియా, అతిథుల గంజి ఈ మూక పాలవుతుందని భయపడి, ఆ డబ్బా కూడా మోసుకెళ్ళి అదే మంచం కిందకు, కాళ్ళ వైపు నెట్టింది. ఆవిడ చేసిన పని ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు ఆవిడ నిజంగా కాపాడిన రహస్యం అదొక్కటే.

ఒబియెరో వంగి చేతికి తగిలిన డబ్బా లాగాడు. మూత తీసి వాసన చూడవలసిన ఆ ముక్కు అప్పుడు గడియారం మీద ఉంది. తొమ్మిదీ ముప్పావు. పెరటి దారిన రేవుకు పరుగెత్తాడు. కప్పులతో సహా ఊరు వెంటబడింది.

అరగంట తర్వాత అపొండి గంజి డబ్బా కోసం ఇల్లంతా వెతికింది. అత్తను అడిగి మంచం కింద నుంచి లాగింది. పులుపు చూద్దామని మూత తీసింది. చేపలు వారం రోజులు ఎండలో మరిచిపోయిన వాసన గుప్పున కొట్టింది.

"అత్తా, ఆయన పట్టుకెళ్ళింది గంజి!"

"పోన్లే అలెగో పిల్లా, దారిలో ఆకలేస్తుంది" అంది, కోడల్ని పుట్టినూరి పేరుతోనే పిలిచే పెరెసియా.

డబ్బా నెత్తిన పెట్టుకుని అపొండి పరుగు తీసింది. కళ్ళ ముందు కూతురి బిందె కనపడుతోంది.

రేవులో ఒబియెరో డబ్బా మొత్తం గుంటలో ఒక మూల ఒంపేసి, ఉపన్యాసంలో ఉన్నాడు. అతని ఉపన్యాసం అరగంటకు తగ్గదు కాబట్టి నత్తలకు కూడా తొందర లేకపోయింది. తుంగ మొదళ్ళనుంచి, బురదలోంచి, రాళ్ళ కిందనుంచి తీరిగ్గా బయలుదేరి, పెళ్ళి భోజనానికి వచ్చినట్టు ఆ మూలకు చేరాయి. నీటి అంచు నల్లబడిపోయింది.

"చచ్చేముందు ఇంత హుషారుగా ఉంటాయా?" అంది డాక్టర్ ముథోనీ, కలం ఆపి.

ఒబియెరో మొహం గంజి రంగుకు తిరిగింది. వాసన ఇప్పుడు తెలిసింది. "ఇది... మొదటి దశ" అన్నాడు.

"ద్రవంలో ఏముందో చెప్పు, రాసుకుంటాను."

"స్థానిక ధాన్యాల ఆధారంగా..."

"రాగులు, జొన్నలు, మూడు రోజుల పులుపు, గుప్పెడు పంచదార" అంది అపొండి వగరుస్తూ, గట్టు మీద డబ్బా దించి. "మీరు తాగాలని చేశాను డాక్టరమ్మా. మందు ఇదిగో."

ఊరు నవ్వింది. ముథోనీ నవ్వలేదు. గుంట అంచున వంగి చాలాసేపు చూసింది.

"మూడేళ్ళుగా మిగతా రేవుల్లో గుంటలన్నీ నిండేలా మందు పోస్తున్నాం. సగం నాచుకే పోతోంది. ఇవన్నీ ఇలా ఒక మూలకు వస్తే చెంబుడు చాలుతుందేమో. చూడదగ్గ సంగతే." ఆమె లేచి పుస్తకం తెరిచింది. "కానీ నేను నిజం రాయాలి ఒబియెరో. పొరపాటైతే పొరపాటని రాస్తాను, శిబిరం ఇక్కడే ఉంటుంది, ఈ గంజి సంగతి కూడా పరీక్షిద్దాం. కావాలనే చేశావంటావా, నాకు చెప్పకుండా ప్రయోగం మార్చినందుకు నిన్నూ శిబిరాన్నీ ఇవాళే ఎత్తేస్తాను. ఏది?"

నలభై కప్పులూ ఒబియెరో వైపు తిరిగాయి. గట్టు మీద అకెచ్ ఖాళీ బిందె పట్టుకుని, నీళ్ళలో దిగనా వద్దా అన్నట్టు నాన్నవైపు చూస్తోంది. అతను ఆ బిందెనే చూశాడు.

"తప్పు..." గొంతు సవరించుకున్నాడు. "తప్పు నాది."

"ఏమిట్రా? గాలికి వినపడలేదు" అంది వెనకాలే వగరుస్తూ వచ్చిన పెరెసియా.

"తప్పు నాదమ్మా! చీటీ రాయాల్సింది!" అని సరస్సు అవతలి ఒడ్డుకు వినపడేలా అరిచాడు ఒబియెరో.

అపొండి డాక్టరమ్మ దగ్గర కలం, ఒక కాగితం ముక్క అడిగి తీసుకుని, ఆ మాటనూ ఆ రోజు తేదీనీ రాసి, ఖాళీ గంజి డబ్బాకు అంటించింది.